గడ్డివామిలో పల్నాటి పౌరుషం

మా అన్నగారబ్బాయి గోపురం మీంచి దూకడం నేర్చుకున్నాడు. నరసరావుపేటలో, మేడమీద గదిలో, తలుపు గడియ పెట్టుకుని, ఫ్యాను కింద కూర్చుని నేర్చుకున్నాడు. నలభై రోజులు పట్టింది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు కూడా ఆపాటి రోజులకు కొండెక్కి దిగొచ్చి మామూలు మనుషులవుతారు. వీడు మాత్రం నలభయ్యో రోజున కళ్ళు ఎర్రగా చేసుకుని మెట్లు దిగి, "బాబాయ్, వచ్చేసింది" అన్నాడు. నేను ఉద్యోగం అనుకున్నాను. వాళ్ళమ్మ సప్లిమెంటరీ రిజల్టు అనుకుని దేవుడి గది వైపు రెండడుగులు వేసింది కూడా.

"లీప్ ఆఫ్ ఫెయిత్ బాబాయ్. పర్ఫెక్టుగా వచ్చేసింది."

మా వదిన వేసిన రెండడుగులూ వెనక్కి వేసి వంటింట్లోకి పోయింది.

తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. అసాసిన్స్ క్రీడ్ అని ఒక వీడియో గేము. యుబిసాఫ్ట్ కంపెనీ వాళ్ళు కెనడాలోని మాంట్రియల్‌లో తయారుచేసి 2007లో వదిలారు. ఇప్పటికీ దాని పిల్లలూ మనవలూ పుడుతూనే ఉన్నారు. 2023లో బాగ్దాదు కథ, 2025లో జపాను కథ. మొదటి ఆటలో హీరో పేరు అల్తాయిర్. తెల్ల ముసుగు, నడుముకి ఎర్ర గుడ్డ, మణికట్టు కింద దాచిన కత్తి. డమాస్కస్, జెరూసలెం, ఏకర్ పట్నాల్లో గోడలు పట్టుకుని పైకి పాకుతాడు. గోపురం కొసన డేగలాగా కూర్చుని ఊరంతా ఒకసారి కలయజూస్తాడు. ఆ తర్వాత చేతులు బార చాపి కిందికి దూకుతాడు. ఎక్కడో ఒక డేగ అరుస్తుంది. గాల్లో ఒక పల్టీ తిరిగి, వెల్లకిలా, కింద బండి నిండా ఉన్న గడ్డిలో పడతాడు. ఏమీ కాదు. నడుం పట్టుకోడు, మూలగడు, ఒక్క గడ్డిపరక కూడా దులుపుకోడు. లేచి తన దారిన తాను పోతాడు.

"ఇందులో నువ్వు చేసేదేందిరా?" అన్నాను.

"ఆర్ వన్, ఎక్స్ నొక్కిపట్టి స్టిక్కు ముందుకు తోయాలి."

"అంతేనా?"

"అంతే అంటే అట్టా కాదు బాబాయ్, టైమింగ్ ఉంటది."

రెండు మీటలు, ఒక పుల్ల. మా వదిన పొద్దున్నే ఇడ్లీ పిండికి గ్రైండరు వేస్తూ, ఒక చేత్తో మోటారు స్విచ్చి వేసి, రెండో చేత్తో పాల గిన్నె దించుతుంది. ఆవిడ టైమింగు గురించి ఎవరూ పద్దెనిమిది నిమిషాల వీడియో తియ్యలేదు. ఈ దూకుడు మీద మాత్రం బోలెడున్నాయి. వాడు చూపించాడు. ఒకాయన గోపురం అంచున పాదం ఎంతవరకు ఉంచాలో, పుల్ల ఏ కోణంలో వంచాలో, కుండలినీ యోగం బోధించే స్వాములవారి గొంతుతో చెబుతున్నాడు. "ఫ్లో" అంటాడు. "మొమెంటమ్" అంటాడు. "శరీరంతో కాదు, మనసుతో దూకండి" అన్న ధోరణి. శరీరంతో దూకే ప్రమాదం ఆయనకు ఎటూ లేదు, కుర్చీకి చక్రాలున్నాయి.

ఆట ఆడటం తప్పని నేననను. ఇరవై ఏళ్ళ కిందట ఇదే పేటలో నెట్ సెంటర్లో గంటకింతని డబ్బులిచ్చి ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడినవాణ్ణి. 2003లో వచ్చిన ఆ శాండ్స్ ఆఫ్ టైమ్‌లో రాకుమారుడు గోడ మీద అడ్డంగా పరిగెత్తుతాడు. అది చూసి నేనూ మూడు రోజులు మా దొడ్డి గోడ వైపు అదోరకంగా చూశాను. కాబట్టి ఆటతో నాకు పేచీ లేదు. పేచీ అంతా "వచ్చేసింది" అన్న మాటతోనే. వచ్చింది ఎవరికి? ఏం వచ్చింది?

ఈ ఆటలు తయారుచేసేవాళ్ళ దగ్గర ఒక గుట్టు ఉంది. దాన్ని కొయోటె టైమ్ అంటారు. కార్టూన్లలో కొయోటె అనే నక్కజాతి జంతువు కొండ అంచు దాటి గాల్లో కూడా పరిగెత్తుతూనే ఉంటుంది, కిందికి చూసుకున్నాకే పడుతుంది. ఆ ముచ్చటతో పెట్టిన పేరు. ఆడేవాడు అంచు దాటిపోయాక, సెకనులో పదో వంతు అటూఇటూగా ఆలస్యంగా మీట నొక్కినా సరే, "పాపం, అంచు మీదే ఉన్నాడులే" అని యంత్రం లెక్క రాసుకుంటుంది. అలాగే, కాలు నేలకు తగలకముందే తొందరపడి నొక్కినా, ఆ నొక్కుడును కాసేపు జేబులో దాచి, తగలగానే దూకిస్తుంది. ఆలస్యమైనా క్షమిస్తుంది, తొందరపడినా క్షమిస్తుంది. పైగా ఆ క్షమించినట్టు చెప్పదు. శాండ్స్ ఆఫ్ టైమ్‌లో ఈ దయ ఇంకా బాహాటం. పడి చచ్చిపోతే బాకు మీట నొక్కి కాలాన్ని వెనక్కి తిప్పుకోవచ్చు. మనవాడు అంచు తప్పినప్పుడల్లా ఆట వాడి చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. వాడేమో ఆ చెయ్యి తనదే అనుకుంటున్నాడు.

ఇలాంటి గడువు పల్నాడులో ఇంకెవరికన్నా ఉందేమో కనుక్కుందామని చూశాను. మిరప తోటకు నల్లతామర పురుగు తగిలినప్పుడు లేదు. కౌలు కట్టేటప్పుడు లేదు. మాచర్ల బస్సుకు అసలే లేదు.

"ఆటలాడితే చురుకుదనం పెరుగుద్ది బాబాయ్, సైంటిస్టులు చెప్పారు" అన్నాడు. నిజమే. గ్రీన్, బవేలియర్ అనే ఇద్దరు 2003లో నేచర్ పత్రికలో రాశారు, యాక్షన్ ఆటలు ఆడేవాళ్ళకు కంటిచూపులో ధ్యాస పెరుగుతుందని. వాళ్ళు పరీక్ష పెట్టింది తుపాకీ పేల్చే ఆటతో. ఇక ఆ పెరిగిన ధ్యాస ఎక్కడ పెట్టాలన్నది వాళ్ళు చెప్పలేదు. మావాడి ముందు వాళ్ళమ్మ పెట్టిన కాఫీ చల్లారి మీగడ కట్టింది. అది వాడి ధ్యాసలోకి రాలేదు.

ఇంకో విషయం. ఎంతెత్తు నుంచి దూకినా చెక్కుచెదరని ఆ అల్తాయిర్ నీళ్ళలో పడితే చచ్చిపోతాడు. మొదటి ఆటలో వాడికి ఈత రాదు. రేవు పక్కన పడవల మీద నడుస్తూ కాలు జారితే కథ కంచికే. 2009లో రెండో ఆట వచ్చి ఇంకో హీరో పుట్టేదాకా వీళ్ళెవరికీ ఈత లేదు. సాగర్ కుడికాలువ గట్టున పుట్టిన పిల్లకాయల ముందు వీణ్ణి మహావీరుడని నిలబెట్టడం ఎట్టాగో నాకు అర్థం కాదు. ఎత్తిపోతల జలపాతం దగ్గర నిలబెడితే ఏం చేస్తాడు? చంద్రవంక వాగు అక్కడ 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. రోజూ దూకుతుంది. కింద గడ్డి లేదు, నీళ్ళున్నాయి, పక్కన మొసళ్ళ పెంపక కేంద్రం కూడా ఉంది.

సరే, ఆ గడ్డి లెక్క కూడా తేలుద్దామని కాగితం తీశాను. మనకు తెలిసిన ఎత్తు కోటప్పకొండ ప్రభ. శివరాత్రి తిరునాళ్ళకు కట్టే పెద్ద ప్రభలు 90 అడుగుల దాకా పోతాయి. ఆ కొస నుంచి దూకితే నేల చేరడానికి పట్టేది రెండున్నర సెకన్ల లోపే. చేరేటప్పటి వేగం గంటకు 83 కిలోమీటర్లు. కింద అయిదడుగుల మందాన గడ్డి ఉందనుకుందాం. 90 అడుగుల్లో పుంజుకున్న వేగాన్ని ఆ అయిదడుగుల్లో ఆపాలంటే, ఒంటి మీద పడే బరువు మనిషి బరువుకు పద్దెనిమిది రెట్ల పైమాటే. మావాడు 65 కిలోలు. అంటే దాదాపు పన్నెండు క్వింటాళ్ళు. గుంటూరు యార్డు లెక్కలో చెప్పాలంటే పాతిక ముప్పై మిర్చి టిక్కీలు ఒక్కసారిగా గుండెల మీద దించినట్టు. అదీ గడ్డి అడుగుదాకా ఒకే తీరున అణిగితేనే. గడ్డి అట్టా అణగదు. పైన మెత్తగా దారిచ్చి, అడుగున బండి చెక్కకు అప్పజెబుతుంది.

ఈ ఆటల చరిత్ర మొత్తంలో నిజంగా దూకినవాళ్ళు ఇద్దరు కనిపించారు నాకు. 1989లో మొదటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా చేసిన జోర్డాన్ మెక్నర్, అంతకు నాలుగేళ్ళ ముందు తన తమ్ముడికి తెల్లబట్టలు తొడిగి పరిగెత్తించి, దూకించి, వీడియో తీసుకున్నాడు. ఆ బొమ్మలు చూసి ఒక్కో కదలికా గీశాడు. రాకుమారుడి కాళ్ళు ఆ తమ్ముడివి. రెండో ఆయన డామియన్ వాల్టర్స్. 2016లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ సినిమా కోసం హీరోకి బదులు 125 అడుగుల ఎత్తు నుంచి తాడు లేకుండా దూకాడు. ఆయన కూడా గడ్డిని నమ్మలేదు, కింద పెద్ద గాలిసంచి వేయించుకున్నాడు. ప్రాణం పణంగా పెట్టేవాడికి గడ్డి మీద అంత నమ్మకం లేదన్నమాట. నమ్మకమంతా కుర్చీలో కూర్చున్నవాళ్ళది.

ఇంతలో మా బజారు పెద్దమనుషుల చెవిన ఈ సంగతి పడింది. టీ కొట్టు దగ్గర పంచాయతీ. "చూశారా, పల్నాటి పౌరుషం ఎక్కడికొచ్చి పడిందో! బాలచంద్రుడి రక్తం పారే నేల మీద పుట్టి, కుర్రకుంకలు బొమ్మల గోపురాలు దూకుతున్నారు" అని ఒకాయన బాధపడ్డాడు. బాధపడుతూ సగం సమోసా తిన్నాడు. నాకు మావాడి మీద ఉన్న కోపం కాస్తా ఇటు తిరిగింది.

ఆటలో కథ జరిగేది 1191లో, మూడో క్రూసేడు నాటి రోజుల్లో. ఇక్కడ కారంపూడిలో, నాగులేటి ఒడ్డున, పల్నాటి యుద్ధం జరిగింది 1182 ప్రాంతంలో అంటారు. అంటే అల్తాయిరూ బాలచంద్రుడూ ఇంచుమించు ఒకే తరం వాళ్ళు. అక్కడివాడు డమాస్కసులో గడ్డిబండి చూసుకుని దూకే నాటికి, ఇక్కడివాడు గడ్డి లేని చోట దూకేసి తొమ్మిదేళ్ళయింది. మనవాడికి వచ్చిన విద్య బొంగరం. అది గురి తప్పి ఒక ఆడపిల్ల కాలికి తగిలింది. ఆ పిల్ల అన్న ఒక్క మాటకు లేచి యుద్ధానికి వెళ్ళాడు, తిరిగి రాలేదు. వెనక్కి తిప్పే బాకు ఎవరి దగ్గరా లేదు. ఉంటే అంతకుముందే, రాయబారానికి వెళ్ళిన అలరాజుకు చర్లగుడిపాడులో విషం పెట్టినప్పుడే తిప్పి ఉండేవాళ్ళు. ఆ మాటకొస్తే కోడిపందెం దగ్గరే తిప్పుకునేవాళ్ళు. బాలచంద్రుడి తండ్రి బ్రహ్మనాయుడి వైపు వాళ్ళకు ఏడేళ్ళ వనవాసం తప్పేది.

ఇక రక్తం సంగతి. కథ ప్రకారం బాలచంద్రుడు భార్య మాంచాలను చూడ్డానికి వెళ్ళింది యుద్ధానికి బయలుదేరే ముందు. ఆవిడ కాపురానికి ఒప్పుకోకుండా, కర్తవ్యం గుర్తుచేసి, కత్తి చేతికిచ్చి పంపింది. పిల్లల్లేరు. కాబట్టి టీ కొట్టు దగ్గర ఎవరి ఒంట్లో ఏ రక్తం పారుతున్నా అది బాలచంద్రుడిది మాత్రం అయ్యే వీల్లేదు. బీపీ వల్ల పారేది వేరు.

ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరారాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు, అయిదు రోజులు. ఆ వీరుల ఆయుధాలు మోసుకొచ్చే ఆచారవంతులు ఉపవాసాలుండి, పూనకంతో ఊగుతూ నడిచొస్తారు. వాళ్ళ పాదాల కింద ఉన్నది నిజమైన నేల. మా పెద్దమనుషులు కారులో వెళ్ళి, అడ్డుగా ఉన్నవాళ్ళను కాస్త జరగమని, సెల్లులో వీడియో తీసుకుని, "పల్నాడంటే ఇదీ" అని పదిమందికీ పంపిస్తారు. మావాడు నొక్కేది రెండు మీటలు, వీళ్ళు నొక్కేది ఒకటి. ఇద్దరి కిందా గడ్డి సమృద్ధిగా ఉంది. వాడి గడ్డి మాంట్రియల్లో వేశారు, వీళ్ళ గడ్డి ఎనిమిది వందల నలభై ఏళ్ళ కిందట వేశారు.

అసలు ఈ ప్రాంతంలో గేముకు పనికొచ్చే ప్రత్యేక విద్య ఏదన్నా ఉందా అంటే, ఉంది. నరసరావుపేట బస్టాండులో మాచర్ల బస్సు ప్లాట్‌ఫారం మీదికి వస్తూ ఉండగా, ఇంకా ఆగకముందే, దాని పక్కన పరిగెత్తుతూ కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టడం. 2019లో వచ్చిన సెకిరో అనే ఆటలో హీరో కొక్కెం తాడు విసిరి చూరు మీదికి ఎగురుతాడు. కొక్కెం ఎక్కడ పడుతుందో ఆట ముందే గుండ్రంగా పచ్చగుర్తు వేసి చూపిస్తుంది. బస్టాండులో ఏ గుర్తూ వెలగదు. కిటికీ అద్దం సగమే తెరుచుకుని ఉంటుంది. కడ్డీల సందు జానెడు. లోపల అప్పటికే అవతలి కిటికీ నుంచి ఇంకొకరి సంచీ గాల్లో ఉంటుంది. మా మేనత్త అరవై ఏళ్ళ వయసులో, చంకలో కూరగాయల బుట్టతో, ఈ పని చేసి కిటికీ పక్క సీటే పట్టేది. ఒకసారి తువ్వాలు లేకపోతే మందుల చీటీ విసిరింది. అదీ చెల్లింది. మావాణ్ణి మొన్న ఊరికి పంపుతూ ఈ పని పెట్టి చూశాను. బస్సు ఆగింది, తలుపు తెరిచారు, జనం ఎక్కారు. వీడు "ముందు దిగేవాళ్ళను దిగనివ్వాలి కదా బాబాయ్" అని నిలబడ్డాడు. మర్యాదస్తుడే, కాదనను. గురజాల దాకా నిలబడే వెళ్ళాడు.

ఊళ్ళో దిగాక వాడు నిజంగా దూకి చూద్దామన్నా గడ్డి లేదు. మా దొడ్డి వెనక గడ్డివామి ఉండేది, ఇప్పుడు లేదు. ఎందుకు లేదంటే వేసేవాళ్ళు లేరు. వరి కోత మిషన్లు వచ్చాయి. వాటి వెనకే గడ్డిని చుట్టి కట్టే మిషన్లూ వచ్చాయి. చుట్టలు చుట్టలుగా పొలంలో పడేసి పోతాయి. ఒక్కో చుట్టా రాతిబండలా గట్టిగా ఉంటుంది. వాటి మీద అల్తాయిర్‌ని దూకించండి, డేగ రెండోసారి అరుస్తుంది.

వామి వేయడం చూసినవాళ్ళకు తెలుసు అదెంత పనో. దొడ్డిలో కాస్త మిట్ట చూసి, అడుగున రాళ్ళు పేర్చి, చెద పట్టకుండా, చెమ్మ లాగకుండా కంప పరవాలి. కింద నుంచి పంగలకర్రతో మోపులు అందిస్తుంటే, పైన ఒక మనిషి గుండ్రంగా తిరుగుతూ తొక్కుతూ ఉండాలి. నడిమధ్య ఎప్పుడూ ఎత్తుగా ఉండాలి, అంచు పరకలు బయటికి వాలాలి. వానపడితే చినుకు లోపలికి దిగకుండా పక్కలకు జారిపోవాలి. చివర్లో నెత్తి కట్టి, గాలికి లేవకుండా పైన వెంటి వేసి రాళ్ళు వేలాడదీయాలి. సరిగ్గా వేసిన వామిలో పై పొర నల్లబడుతుంది గానీ, ఏడాది తర్వాత దూసినా లోపల గడ్డి బంగారంలా ఉంటుంది. ఎక్కడ ఒక్క చోట గుంట పడినా అక్కడి నుంచి కుళ్ళు మొదలవుతుంది. అందుకే మా చిన్నప్పుడు చింతకొమ్మ మీంచి వామిలోకి దూకితే మా తాత పంగలకర్ర తీసుకుని చెరువు దాకా తరిమేవాడు. లీప్ ఆఫ్ ఫెయిత్ మేమూ చేశాం. దానికి మాకు డేగ అరుపు వినిపించలేదు, తాత అరుపు వినిపించింది.

ఆటలో నాకు నచ్చనిది ఇదే. గోపురానికో గడ్డిబండి ఉంటుంది. ఎవరు కోశారు, ఎవరు మోశారు, ఎద్దులేవి, రైతేడీ? ఎవడో పైనుంచి వచ్చి నడిమధ్య పడి గుంట చేసిపోతే, కర్ర తీసుకుని ఒక్కడన్నా వెంటపడడు. వేసినవాడి ఊసు లేకుండా దూకినవాడి బొమ్మ పెట్టె మీద వేశారు.

ఈ మాటంటే మావాడు చాలాసేపు ఆలోచించి, "ఆ గడ్డి మోడలింగ్ చేసినోళ్ళ పేర్లు చివర్లో క్రెడిట్స్‌లో వస్తాయి బాబాయ్" అన్నాడు. సరైన సమాధానమే. నేను ఒప్పుకున్నాను. "నువ్వెప్పుడన్నా చదివావా?" అంటే, ఎక్స్ నొక్కితే అవి దాటిపోతాయని చెప్పాడు.

ఇక అసలు పని మీద ఈ వ్యాసం రాస్తున్నాను. ఈసారి కుప్పనూర్పిళ్ళయ్యాక మా దొడ్లో మళ్ళీ వామి వేయిద్దామనుకున్నాం. రెండు గేదెలున్నాయి, చుట్టలు కొనే ఓపిక లేదు. మా ఊళ్ళో ఆ పని తెలిసిన పెద్దాయన ఒక్కడే మిగిలాడు. మోకాళ్ళ నొప్పులు, పైకి ఎక్కలేడు. కింద మంచం మీద కూర్చుని ఎక్కడ తొక్కాలో, ఎక్కడ తొక్కకూడదో చెబుతానన్నాడు. పైన తిరుగుతూ తొక్కడానికి మనిషి కావాలి. కూలిస్తాం, రెండు పూటలా అన్నం పెడతాం, గోంగూర ఉంటుంది. గురజాల, మాచర్ల, పిడుగురాళ్ళ వైపు ఎవరన్నా ఉంటే కబురు చేయండి. దూకేవాళ్ళు మాత్రం దయచేసి రావద్దు.